నీళ్ళు ఉడకకుండానే ఎగిరిన సూది

ఏప్రిల్ మొదటి వారంలో నాచారం చేరాను. ఉప్పల్‌లో బస్సు దిగి, భుజాన కిట్ బ్యాగు వేసుకుని షేర్ ఆటో ఎక్కాను. పొద్దున పదిన్నర. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. గాలి అసలే లేదు. మందుల కంపెనీల గోడల మీదుగా ఘాటు వాసన వస్తోంది. నా పక్కన కూర్చున్నాయన ముక్కు కూడా చిట్లించలేదు. వారం తిరిగేసరికి నాకూ అలవాటైపోయింది.

మా జనగామలో ఎవరు కలిసినా బార్డర్ కబుర్లు చెప్పమంటారు. కాల్పులు జరిగాయా అని అడుగుతారు. నేను మిలిట్రీలో బండ్ల మెకానిక్‌ని. హవల్దారుగా దిగిపోయాను. సర్వీసంతా నేను కుస్తీ పట్టింది రేడియేటర్లతోనూ, మంచులో గడ్డకట్టిన డీజిల్‌తోనూ. తుపాకీ పేల్చిన కథలు నా దగ్గర లేవు. ఉన్నవాటిలో నాకు బాగా నచ్చిన కథ, యూనిఫారం విప్పేశాక నాచారంలో చేసిన ఈ డ్యూటీదే.

ఆర్డరు ఇచ్చింది మా అక్క. ఫోన్లో మూడు ముక్కలు చెప్పింది. "మీ బావ షెడ్డు రేకుల మీదికెక్కి కిందపడ్డడు తమ్మీ. కుడి చెయ్యి ఇరిగింది. నువ్వు రావాలె." ఎన్నాళ్ళు అని నేను అడగలేదు. సిమెంటు కట్టు విప్పేదాకా అని నాకు నేనే అనుకుని బయల్దేరాను.

షెడ్డు లేతు పనుల దుకాణాల వరసలో చివరిది. రేకుల కప్పు. నేల మీద ఏళ్ళ తరబడి కారిన ఆయిల్. బండి కిందికి దిగడానికి ఒక గుంత, రెండు జాకీలు, గోడకు వరసగా పానాలు. వాటిలో పదో నంబరు పానా ఎప్పుడూ ఉండదు. వెనకాలే రెండు గదుల్లో అక్కావాళ్ళ కాపురం. మా నర్సింగ్ బావ ప్లాస్టిక్ కుర్చీలో, మెడకు కట్టిన పట్టీలో తెల్లటి చెయ్యి వేలాడేసుకుని కూర్చున్నాడు.

"వచ్చినవా మిలిట్రీ," అన్నాడు. "మంచిగయింది. జర గా ఎర్ర కారు కిందికి దూరు."

"చాయ్ అన్నా తాగనియ్యవా బావా?"

"కింద పండుకొని తాగు."

ఆయన కమాండ్ పద్ధతి అది. నేను చాయ్ తాగే దూరాను.

ఆ వీధిలో బావకు ఇంకో పేరుంది. డైరెక్ట్ నర్సింగ్. బండి వేడెక్కుతోందని ఎవరొచ్చినా ఆయన రెండు పనులు చేసేవాడు. మొదటిది, రేడియేటరు ఫ్యాన్‌కు నేరుగా కరెంటు ఇచ్చేయడం. ఇక తాళం తిప్పిన క్షణం నుంచి ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. రెండోది, థర్మోస్టాట్ వాల్వు పీకి పారేయడం. ఇంజన్‌లో నీళ్ళు వేడెక్కేదాకా మూసుకుని ఉండి, తర్వాత రేడియేటరుకు దారి ఇచ్చే చిన్న తలుపు అది. తలుపు లేకపోతే నీళ్ళు మొదటి నుంచీ తిరుగుతూనే ఉంటాయి. ఇంజన్ వేడెక్కమన్నా వేడెక్కదు. మే నెలలో ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఇరుక్కున్నవాడికి ఇంతకు మించి కావలసింది లేదు. నగరంలో ఈ వైద్యం చేయని షెడ్డు నాకైతే కనపడలేదు.

నేను పనిచేసిన మంచు కొండల్లో ఆ వాల్వు తీస్తే బండి మధ్యాహ్నానికి కూడా సరిగా నడవదు. ఆ మాట బావతో ఒకసారి అన్నాను. "గది కశ్మీరు. గిది నాచారం," అని తేల్చేశాడు. నేను ఊరుకున్నాను. ఒకరి పోస్టులో ఉన్నప్పుడు ఆ పోస్టు కమాండరు చెప్పినట్టు వినాలి.

మూడో వారంలో ఒక శనివారం, పన్నెండు దాటాక, బూడిద రంగు పాత పెట్రోలు కారు ఒకటి షెడ్డు ముందుకొచ్చి ఆగింది. ఇరవై ఏళ్ళ బండి. నడుపుతున్నాయనకు యాభై అయిదుంటాయి. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. వెనక సీట్లో ఆయన భార్య తల కింద దిండు పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. ఎడమ మోచేతి దగ్గర కొత్త కట్టు.

ఆయన ప్రసాద్ గారు. తణుకు వైపు నుంచి వచ్చి, నాచారంలో ఒక కంపెనీ లెక్కల విభాగంలో పనిచేస్తూ చెంగిచెర్లలో ఇల్లు కట్టుకున్నారు. ఆవిడ విజయ గారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. కారు బావకు పాత చుట్టం.

"వేడి చూపించే సూది మళ్ళీ పైకెళ్ళిపోయిందండీ," అన్నారు ప్రసాద్ గారు. "ఆసుపత్రి నుంచి బయల్దేరి కాసేపు కాలేదు. పక్కకు తీసి ఆపేశాను. అరగంట ఎండలో ఉన్నాం. సిగ్నళ్ళ దగ్గరేమో ఊరికే ఆగిపోతోంది. పెట్రోలైతే తాగేస్తోందండీ."

విజయ గారు పడుకునే మాట్లాడారు. గొంతు నీరసంగా ఉన్నా మాట తేటగా ఉంది.

"ఆటోలో వెళ్దామంటారు ఈయన. డయాలసిస్ సూదులు తీశాక కూర్చోలేనండీ. ఒక్కో గతుక్కీ కడుపులోంచి వస్తుంది. క్యాబులో పడుకుంటానంటే డ్రైవరు మొహం మాడ్చుకుంటాడు. ఈ సీట్లో అయితే నాకు ఏ బాధా ఉండదు."

"అది సరే. నువ్వు వెనకాల అలా ఉంటే, ముందు సూది అలా ఉంటే, నా గుండె ఆగిపోతోంది," అన్నారాయన. తర్వాత మా వైపు తిరిగి, "సోమవారం తుక్కు వాళ్ళకు ఇచ్చేద్దామనుకుంటున్నానండీ. మీరు ఏదో ఒకటి చెప్పండి," అన్నారు.

కొత్త బండి మాట ఎత్తే పరిస్థితి వాళ్ళకు లేదు. పోయేది కారు కాదు, ఆవిడ పడుకునే చోటు. అది నాకు ఆ నిమిషంలోనే అర్థమైంది.

అక్క వచ్చి విజయ గారిని లోపలికి తీసుకుపోయి, కూలర్ ముందు మంచం మీద పడుకోబెట్టింది. బావ కుర్చీలోంచే తీర్పు చెప్పాడు.

"సెన్సర్ పోయింది సార్. మారుద్దాం."

"మొన్న మార్చిందీ సెన్సరే కదండీ?"

"గది వేరేది సార్."

"ఏది వేరేది?"

బావ నా వైపు చూశాడు. నేను బానెట్ లోపలికి చూశాను.

"మార్చేముందు పరీక్ష పెడ్త బావా," అన్నాను.

"సెన్సర్‌కు పరీక్ష ఏంది? పదో తరగతా?"

ఇంజన్ చల్లారేదాకా ఆగాను. వేడి మీద రేడియేటరు మూత తిప్పి ముఖం కాల్చుకున్నవాళ్ళను సర్వీసులో చూశాను. ఆ గంటసేపూ వైర్లు ఎటు పోతున్నాయో వేలితో తడుముతూ వెతికాను. ఇలాంటి పాత కార్లలో నీళ్ళ వేడి చూసేవి మూడుంటాయి. అన్నిటినీ సెన్సరనే అంటారు కాబట్టి గందరగోళం. ఒకటి ఒంటి వైరుది. అది డ్యాష్‌బోర్డులో సూదిని నడుపుతుంది, అంతకు మించి దానికి పని లేదు. దాని పక్కనే రెండు వైర్లది ఇంకోటి. అది ఇంజన్‌ను నడిపే కంప్యూటరుకు కబురు పంపుతుంది. పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటరు దాన్ని బట్టే నిర్ణయిస్తుంది. మూడోది రేడియేటరు అడుగున ఉంటుంది. అది ఫ్యాన్ స్విచ్చు. దాని వైర్లు తెగ్గోసి, టేపు చుట్టి ఉన్నాయి. బావ చేసిన డైరెక్ట్ అది.

మూడూ విప్పాను. తుప్పు రంగు బోరు నీళ్ళు నా మోచేతుల దాకా కారాయి.

రోడ్డుకు అవతల లక్ష్మమ్మ చాయ్ బండి. వేడినీళ్ళు కావాలని అడిగితే నా చేతిలో సెన్సర్లు చూసి ఆమె గిన్నె వెనక్కి లాక్కుంది.

"నా చాయ్ గిన్నెల మాత్రం ఎయ్యకన్నా," అంది. బండి కింద నుంచి సొట్టలు పోయిన సత్తు గిన్నె ఒకటి తీసి స్టవ్ మీద పెట్టింది. "గిండ్ల ఏం ఉడకపెట్టుకుంటవో పెట్టుకో."

అక్కడ చాయ్ తాగుతున్న మందుల కంపెనీ ల్యాబ్ మనిషి ఇదంతా చూసి, పరుగున పోయి గాజు థర్మామీటరు తెచ్చాడు. తనే గిన్నెలో పట్టుకుని అంకెలు చదువుతానన్నాడు. నా మల్టీమీటరు తీగలు రెండు వైర్ల సెన్సరుకు తగిలించాను. నీళ్ళు వేడెక్కేకొద్దీ దాని ఓములు, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, తగ్గుతూ రావాలి. ఉన్నపళంగా దూకకూడదు, ఒకచోట మొండికేయకూడదు.

"నలభై," అన్నాడు ల్యాబ్ మనిషి.

"పదకొండు వందల యాభై."

"అరవై."

"అయిదు వందల ఎనభై."

"ఎనభై."

"మూడు వందల ఇరవై."

లెక్క సరిగ్గా ఉంది. ఒంటి వైరుది కూడా అలాగే బుద్ధిగా తగ్గుతూ వచ్చింది. ఫ్యాన్ స్విచ్చు తొంభై మూడు దాకా మాట్లాడలేదు. అక్కడ అది కలిసి మీటరు కూసింది. గిన్నె దించి చల్లార్చితే ఎనభై ఎనిమిది దగ్గర ఊరుకుంది. చాయ్ కోసం వచ్చినవాళ్ళు చాయ్ మర్చిపోయి చూస్తున్నారు. ఆ కాసేపు నాకు మస్తు హుషారుగా అనిపించింది, దాచుకోవడమెందుకు.

మూడూ మంచివేనని చెప్తే బావ మొహం ముడుచుకున్నాడు. "అన్నీ మంచిగనే ఉంటే సూది ఎందుకు లేస్తంది మరి? దయ్యం లేపుతుందా?"

ఆయన అడిగిందాంట్లో తప్పులేదు. సెన్సర్లు తిరిగి బిగించి, బావను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కారు బయటికి తీశాను. ఉప్పల్ వైపు, ఫ్లైఓవర్ పిల్లర్ల కింద నుంచి పోనిచ్చాను. సూది అడుగునే ఉంది. వేడెక్కనే లేదు. వాల్వు లేదు, ఫ్యాన్ ఆగదు, ఎలా వేడెక్కుతుంది? బోడుప్పల్ దారిలో పెద్ద గుంత వచ్చింది. తప్పించకుండా దించాను. కారు ఎగిరిపడింది. సూది ఒక్క ఉదుటున పైకెళ్ళి, వేడికి గుర్తయిన హెచ్ అక్షరం మీద కూర్చుంది. రెండు పిల్లర్లు దాటేసరికి మళ్ళీ కిందికి దిగిపోయింది.

"చూసినవా బావా?"

"సూసిన."

"బక్కెట్టెడు నీళ్ళు ఒక్క గుంతకే ఉడుకుతయా?"

బావ కట్టు ఉన్న చేతిని పట్టీలో సర్దుకున్నాడు.

పక్కకు ఆపి బానెట్ ఎత్తాను. ఒంటి వైరు సెన్సరు నుంచి వైరు ఊడబీకి, వైర్ల కట్టను చేత్తో ఊపాను. బావ లోపల సూది చూస్తూ కూర్చున్నాడు. "లేసింది," అన్నాడు. సెన్సరుకు వైరే లేదు, అయినా సూది లేచింది. అంటే లోపం వైరులో ఉంది. బ్యాటరీ కింద రేకు అంచుకు ఆనుకున్న చోట వైరు మీది తొడుగు గోరంత మేర అరిగిపోయి, లోపల రాగి మెరుస్తోంది. గుంతలో పడ్డప్పుడల్లా ఆ రాగి బాడీకి తగిలేది. తగిలితే సూది పైకే పోతుంది. ప్రసాద్ గారు ఎండలో అరగంట నిలబడింది ఈ గోరంత జాగా కోసం.

టేపు చుట్టి, గొట్టం తొడిగి, వైరును అంచుకు దూరంగా కట్టేశాను. అసలు కష్టం ఆ తర్వాతే వచ్చింది.

రెండేళ్ళ కింద సూది మొదటిసారి లేచినప్పుడే బావ ఈ బండిని డైరెక్ట్ చేశాడు. అప్పుడూ ఇంజన్ వేడెక్కలేదు, ఈ వైరే తగిలింది. అప్పటి నుంచీ ఇంజన్ చలి పొద్దున బయల్దేరినదానిలాగే నడుస్తోంది. రెండు వైర్ల సెన్సరు చల్లగా ఉందని నిజమే చెప్తోంది. ఆ మాట నమ్మి కంప్యూటరు పెట్రోలు గుమ్మరిస్తోంది. ప్లగ్గులు విప్పితే నాలుగూ మసి. సిగ్నళ్ళ దగ్గర ఆగిపోయేది అందుకే.

ఆయన షెడ్డులో, ఆయన కుర్చీ ముందు నిలబడి ఈ సంగతి చెప్పాలి. చెప్పాను. ఆఫీసరుకు రిపోర్టు ఇచ్చినట్టు చేతులు కిందికి పెట్టుకునే చెప్పాను. వాల్వు మళ్ళీ వెయ్యాలి, ఫ్యాన్ మళ్ళీ స్విచ్చుకే ఇవ్వాలి అన్నాను.

బావకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. నెమ్మదిగా ఇలా అన్నాడు.

"వైరు సంగతి నేను సూడలే. ఒప్పుకుంట. కానీ ఒకటి చెప్పు. ఫ్యాన్ స్విచ్‌కు ఇస్తవ్. పాత స్విచ్. ఏదో ఒకనాడు పనిచెయ్యదు. వెనక ఆమె పండుకొని ఉంటది. సారుకేమో ఏం సమజ్ గాదు. అప్పటికి నువ్వు జనగామల ఉంటవ్."

 ఆయన డైరెక్ట్ చేసింది పని తప్పించుకోవడానికి కాదు. బండి రోడ్డు మీద ఆగకూడదు, లోపలున్న మనిషికి ఏం కాకూడదు, అదొక్కటే ఆయన చూసుకున్నాడు. బావ మీద నాకు అంత గౌరవం అంతకుముందెప్పుడూ కలగలేదు.

కారు మా దగ్గరే ఉంచుకుని వాళ్ళిద్దరినీ క్యాబులో ఇంటికి పంపించాం. ఆదివారమంతా అదే ఆలోచించాను. సాయంత్రం దారి దొరికింది.

"నీ డైరెక్ట్ తీసెయ్యను బావా. స్టీరింగ్ కింద ఒక బటన్ పెడ్త. ఫ్యాన్ దానంతట అదే వస్తది. రాకుంటే సార్ బటన్ నొక్కుతడు, నీ డైరెక్ట్ ఆన్ అయితది."

బావ మొహం విప్పారింది. "గిది ముందు చెప్పొద్దా?" అన్నాడు. బటన్ వైరు తనే అతికిస్తానని పట్టుబట్టాడు. ఎడమ చేత్తో సోల్డరింగ్ పట్టుకుని, రెండు బొట్లు తన లుంగీ మీద వేసుకుని, మూడోది సరైన చోట వేశాడు.

సోమవారం ఉప్పల్ దుకాణంలో కొత్త వాల్వు దొరికింది. బోరు నీళ్ళు పారబోసి పచ్చ కూలెంట్ పోశాం. తుక్కు వాళ్ళకు ఫోన్ చెయ్యకుండా ప్రసాద్ గారు సెలవు పెట్టి వచ్చారు. మధ్యాహ్నం ఎండలో, షెడ్డు బయట, ఇంజన్ ఆన్‌లో పెట్టి అందరం చుట్టూ నిలబడ్డాం. సూది రెండేళ్ళలో మొదటిసారి నిదానంగా పైకి వచ్చింది. మధ్యకు వచ్చి కాస్త దాటింది. ప్రసాద్ గారు నుదురు తుడుచుకున్నారు. బావ ఎడమ చెయ్యి కిటికీలోంచి బటన్ దగ్గరికి పోయింది.

"ఆగు బావా," అన్నాను.

"ఇంకెంత సేపు?"

"జర ఆగు."

 గిన్నెలో కూసిన స్విచ్చు బండిలో కూస్తుందని హామీ ఎవరిస్తారు? అప్పుడు ఫ్యాన్ కదిలింది. బుర్రుమని తిరిగింది. సూది మధ్యకు దిగింది. ఫ్యాన్ ఆగిపోయింది.

"దానంతట అదే బందయింది," అన్నాడు బావ. "రెండేండ్ల సంది దాన్ని ఊకె తిప్పిచ్చిన."

ల్యాబ్ మనిషి చప్పట్లు కొట్టాడు. లక్ష్మమ్మ చాయ్ పంపింది.

మంగళవారం డయాలసిస్. వాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు నేను బావ మోటారుసైకిలు మీద వెనకాలే ఎస్కార్టు వెళ్ళాను. హెల్మెట్‌లో ఫోన్ దూర్చుకున్నాను. ముందు కారులో ప్రసాద్ గారి ఫోన్ స్పీకరు మీద ఉంది. బావ కూడా షెడ్డులోంచి లైనులోనే ఉన్నాడు.

"సూది యాడుంది సార్?" బావ.

"మధ్యలోనండీ."

"ఫ్యాన్?"

"వచ్చిందండీ. పోయిందండీ."

ఉప్పల్ రింగు రోడ్డు సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగాం. లారీలు, బస్సులు, మెట్రో కింద జనం. కారు ఆగిపోలేదు.

"సూది?"

"మధ్యలోనే. మెల్లగా మాట్లాడండి, ఈవిడ నిద్రపోయింది."

ఆ తర్వాత బావ లైనులో ఒక్క మాట మాట్లాడలేదు. ఫోన్ మాత్రం పెట్టేయలేదు.

ఆ పోస్టింగులో నేను సంతోషంగా ఉన్నాను. పొద్దున అక్క చేతి జొన్న రొట్టె, పగలంతా గ్రీజు, సాయంత్రం లక్ష్మమ్మ బండి దగ్గర ల్యాబ్ మనిషితో వాదనలు. బావ అందరికీ మల్టీమీటరు చూపించడం మొదలుపెట్టాడు. బండి వేడెక్కుతోందని ఎవరొచ్చినా, "ముందుగాల పరీక్ష," అనేవాడు, అదేదో తను కనిపెట్టినదైనట్టు. నేను నవ్వుకునేవాణ్ణి. జూన్‌లో మొదటి వాన పడ్డాక కట్టు విప్పారు. చెయ్యి సన్నబడింది కానీ పానా పట్టింది. నా డ్యూటీ అయిపోయింది. ఉప్పల్‌లో బస్సెక్కి జనగామ వచ్చేశాను.

ఇక్కడ జనం మళ్ళీ బార్డర్ కబుర్లే అడుగుతున్నారు. వాళ్ళకు ఏదో ఒకటి చెప్తూనే ఉంటాను. నా కళ్ళ ముందు మాత్రం ఆ మంగళవారం చెంగిచెర్లలో వాళ్ళ వీధి ఉంటుంది. పొద్దు వాలింది. పక్క అపార్టుమెంటు నీడలో ప్రసాద్ గారు కారు ఆపారు. ఇంజన్ ఆపలేదు. ఆపితే మెలకువ వచ్చేస్తుందండీ అని నాకు సైగలతో చెప్పారు. ఆయన తలుపు చప్పుడు కాకుండా మూసి, వీధి మధ్యకు వచ్చి, మైకు పెట్టుకుని వస్తున్న కూరగాయల బండికి చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. వెనక ఒక స్కూటరు, ఒక ఆటో కూడా ఆగిపోయాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. కారులో ఆవిడ నోరు కాస్త తెరుచుకుని గాఢంగా నిద్రపోతున్నారు. ఫ్యాన్ వచ్చింది, పోయింది. ఆయన ఆ చప్పుడుకు వెనక్కి తిరిగి కూడా చూడలేదు.